క్వారీ ఆఫీసు రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గెలాక్సీ గుమాస్తా (చీమకుర్తి):

అందరికీ నమస్కారం. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసులో లెక్కలు చూస్తుంటాను. మాది బ్లాక్ గెలాక్సీ రాయి, అంటే నల్ల రాయి మీద బంగారు రంగు చుక్కలుంటాయి. మా ఓనర్ గారబ్బాయి చదువు ముగించుకుని ఈమధ్యే వ్యాపారంలోకి దిగాడు. వచ్చీరాగానే "ఉగాదికల్లా ఆఫీసులో కాగితం కనపడకూడదు" అన్నాడు. హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు వచ్చి డెమో ఇచ్చి పోయారు. రంగురంగుల గ్రాఫులు, ఓనర్ ఫోన్లోనే స్టాకు మొత్తం కనపడటం, అంతా బాగానే ఉంది. నాకే టెన్షన్ పట్టుకుంది.

అసలు మా సమాచారం ఎక్కడెక్కడ పడి ఉందో ముందు చెప్తాను. ఇన్‌వాయిస్‌లు, జీఎస్టీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. పర్మిట్లు మైనింగ్ శాఖ పోర్టల్లో. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ నుంచి ఎట్టాగూ ఆన్‌లైనే. ఎగుమతి కాగితాలు చెన్నైలో మా సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) మెయిల్లో ఉంటాయి. అంటే గవర్నమెంటు అడిగిందంతా ఎప్పుడో కంప్యూటర్‌లోకి పోయింది. గవర్నమెంటు అడగనిది, మాకు అన్నిటికంటే కావాల్సింది మాత్రం మా మార్కర్ (రాళ్ళు కొలిచి నంబరేసే ఆయన) చొక్కా జేబులో పాకెట్ బుక్కులో ఉంది.

క్వారీ గురించి తెలియని వాళ్ళకి ఇంకొంచెం వివరంగా. బ్లాకు, అంటే కోసి తీసిన రాతి దిమ్మె, కింద నుంచి పైకి వచ్చాక మార్కర్ టేపు పట్టి కొలుస్తాడు, ఎర్ర పెయింటుతో రాయి మీద నంబరేస్తాడు, బుక్కులో రాసుకుంటాడు. సాయంత్రం నేను దాన్ని లాంగ్ రిజిస్టర్‌లోకి ఎక్కిస్తా. ఎవరో ఒకరు ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఉదాహరణకి ఒక బ్లాకు 285, 170, 160 సెంటీమీటర్లు. గ్రాస్ కొలత 7.752 ఘనపు మీటర్లు. బయ్యర్ వచ్చి చూసి, అంచులు సరిగా లేవని పొడవులో పది, మిగతా రెండు వైపులా ఐదేసి తీసేయిస్తాడు. అప్పుడు నెట్ 7.033. లారీ కాటా మీదికెక్కితే టన్నుల లెక్క ఇంకోటి. ఒకే రాయి, మూడు అంకెలు, మూడూ నిజమే. డెమోలో చూపించిన స్క్రీన్‌లో "క్వాంటిటీ" అని ఒకే ఒక్క గడి ఉంది! ఇందులో ఏది ఎక్కించాలని అడిగితే "మీ ఇష్టం సార్, కస్టమైజ్ చేద్దాం" అన్నాడు ఆ కుర్రాడు.

ఇంకోటి. మార్కర్ పక్కన "చుక్క పల్చన", "ఒక మూల తెల్ల గీత, కోస్తే పోతుంది", "వెంట్రుక పగులు అనుమానం" అని రాస్తాడు. ధర తేలేది ఆ మాట మీదే. సాఫ్ట్‌వేర్‌లో దానికి ఏ, బీ, సీ అని మూడు గ్రేడులు పెట్టి సరిపెట్టారు.

పోయిన ఏడాది ఒక బయ్యర్ నెట్ కొలత మీద పేచీ పెట్టాడు. ఇన్‌స్పెక్షన్ రోజు ఆయన మనిషి సంతకం పెట్టిన షీటు కోసం ఆఫీసంతా గాలించాం. దొరకలేదు. దాని ఫోటో చివరికి ఉద్యోగం మానేసి పోయిన సూపర్‌వైజర్ ఫోన్లో ఉంది. అతను మంచివాడు కాబట్టి పంపాడు.

నేనడిగేది ఏమిటంటే, బీరువాల నిండా ఉన్న పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించాలా? ఓనర్ గారబ్బాయి అదే ముందు చేద్దామంటున్నాడు. మార్కర్‌కి యాభై దాటాయి. ఆయన చేతికి ఫోన్ ఇచ్చి "ఇందులో కొట్టు" అంటే పనవుతుందా? ఇలాంటి మార్పు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రొయ్యల లాట్ (నెల్లూరు):

అన్నా, మీ మూడు అంకెల గొడవ చదివి నవ్వొచ్చింది, మాదీ అదే కథ. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ రికార్డులు చూస్తా. చెరువు నుంచి వచ్చిన బరువు ఒకటి, తల తీశాక ఒకటి, ఐస్ గ్లేజ్ (పల్చటి మంచు పూత) పట్టించాక ఇంకొకటి. మూడూ ఒక గడిలో పెడితే నెల తిరిగేసరికి స్టాకు ఎక్కువో తక్కువో చూపిస్తుంది, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా దగ్గర మూడు గడులు, మూడింటికీ రాసే మనుషులు వేరు. ఎవరి గడి వాళ్ళే నింపుతారు, పక్కవాళ్ళ గడి ముట్టుకోలేరు. మీకూ అంతే కావాలి: గ్రాస్ మార్కర్‌ది, నెట్ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నవాళ్ళది, టన్నులు కాటా చీటీది. "కస్టమైజ్ చేద్దాం" అన్నవాడి చేత ముందు ఇది రాయించుకోండి.

మేం ఈ దారిలోకి ఇష్టపడి రాలేదు. అమెరికాకు పోయే రొయ్యలకి 2018 డిసెంబర్ 31 నుంచి వాళ్ళ సీఫుడ్ ఇంపోర్ట్ మానిటరింగ్ నిబంధనలు వర్తించాయి. సరుకు ఎవరి దగ్గర పెరిగింది, ఎవరెవరి చేతులు మారింది అని అక్కడి ఇంపోర్టర్ చూపించగలగాలి. ఆయన మమ్మల్ని అడుగుతాడు, మేం రైతునడుగుతాం. అంతకుముందు కూడా లాట్ నంబర్లు (ఒక విడత సరుకుకి ఇచ్చే నంబర్లు) ఉండేవి కానీ అవి డబ్బా దాకానే. ఇప్పుడు డబ్బా నుంచి వెనక్కి చెరువు దాకా వెళ్ళాలి. అందువల్ల మా దగ్గర ఏ కాగితమైనా, ఏ ఫోటో అయినా, ల్యాబ్ రిపోర్టయినా లాట్ నంబర్ లేకపోతే లోపలికి రాదు. మీకు ఆ నంబర్ ఆల్రెడీ ఉంది, రాయి మీద ఎర్ర పెయింటుతో. ఫోటో ఫైల్ పేరు, షీటు, ఇన్‌వాయిస్ లైను, కాటా చీటీ, అన్నిటి మీదా అదే నంబర్ పడితే మీ పని సగం అయినట్టే. ఒక్కటి చూసుకోండి. కొత్త ఏడాది రాగానే నంబర్ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టే అలవాటుంటే ముందు ఏడాది చేర్చండి, లేకపోతే రెండు రాళ్ళకి ఒకే నంబరవుతుంది.

మార్కర్ చేతికి ఫోన్ ఇచ్చే సంగతి. మా రిసీవింగ్ దగ్గర పనివాళ్ళకి ట్యాబ్‌లు ఇచ్చారు. చేతులకి తడి గ్లోవ్స్, స్క్రీన్ వేలు పట్టదు. గ్లోవ్ తీస్తే హైజీన్ వాళ్ళు ఊరుకోరు. కొన్నాళ్ళకి ట్యాబ్‌లు చార్జింగ్ టేబుల్ మీదే ఉండిపోయాయి, పనివాళ్ళు అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసుకునేవాళ్ళు. చివరికి ఏం చేశామంటే, అచ్చేసిన చీటీ ఇచ్చాం, గడులు స్క్రీన్ మీద ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో. వాళ్ళు రాస్తారు, గాజు కిటికీ అవతల ఒకమ్మాయి అప్పటికప్పుడు ఎక్కిస్తుంది. కాగితం పోలేదు. కానీ సాయంత్రం దాకా ఆగడం పోయింది. మీ మార్కర్ చేతికి పెయింటు, రాతి దుమ్ము ఉంటాయి కదా. ఆయన బుక్కు లాక్కోవద్దు, అచ్చేసిన గడులున్న బుక్కు ఇవ్వండి.

సొసైటీ పెద్దాయన (బుచ్చిరెడ్డిపాలెం వైపు):

నాయనా, నేను వ్యవసాయ సహకార సొసైటీలో పనిచేసి రిటైరయినవాణ్ణి. మా దగ్గర జరిగింది చెప్తా, మీకు పనికొచ్చేది తీసుకోండి.

కేంద్రం 2022 జూన్‌లో దేశంలో 63,000 ప్రాథమిక సొసైటీలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల పథకం ఒప్పుకుంది. అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్, నాబార్డ్ చూసుకుంటుంది. వినడానికి సులువు. మా పని ఎక్కడ ఆగిందో తెలుసా? పెంచలయ్యల దగ్గర. పెంచలకోన స్వామి పేరు మా వైపు ఇంటికొకరు పెట్టుకుంటారు. సభ్యత్వ రిజిస్టర్‌లో ఒకే ఇంటిపేరుతో పెంచలయ్యలు వరసగా ఉంటారు. ఒకాయన చనిపోయినా వాటా ధనం ఆయన పేరునే ఉంటుంది, అప్పు మాత్రం అదే పేరున్న మనవడిది. రిజిస్టర్ రాసిన గుమాస్తాకి మనుషులు తెలుసు గనక ఏ పెంచలయ్యో పేజీ చూడగానే చెప్పేవాడు. కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి?

తండ్రి పేరు, ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సరిచేయించాం. ఆ తర్వాత పాత లెడ్జర్ నిల్వలకీ ట్రయల్ బ్యాలెన్స్‌కీ (అన్ని పద్దుల నిల్వలూ ఒకచోట వేసిన పట్టికకీ) తేడా. ఎప్పటి తేడానో! ఇన్నేళ్ళూ లెక్క తేలని మొత్తాలు పెట్టే "సస్పెన్స్" పద్దులో కూర్చోబెట్టి ఆడిట్ దాటించారు. కంప్యూటర్‌లో ఓపెనింగ్ బ్యాలెన్స్ కొట్టే రోజు అదంతా బయటపడింది. తాలు చెరగకుండా వడ్లు మిల్లుకి తోలినట్టు చేస్తే కంప్యూటర్ పట్టుకుని ఏం లాభం.

అందుకని నా మాట: పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించొద్దు. ఒక తేదీ పెట్టుకోండి, ఏప్రిల్ ఒకటి అనుకోండి. ఆ రోజున యార్డులో నిజంగా ఉన్న బ్లాకులు ఎన్నో, నంబర్లతో సహా కాళ్ళతో తిరిగి లెక్క రాయండి. రిజిస్టర్ చూసి రాయొద్దు, రాయి చూసి రాయండి. రిజిస్టర్‌లో ఉండి యార్డులో లేనివీ, యార్డులో ఉండి రిజిస్టర్‌లో లేనివీ తప్పకుండా తేలతాయి. వాటికి ఓనర్ చేత సంతకం పెట్టించుకోండి. తర్వాత మీ మెడకి చుట్టుకోకూడదు కదా.

గెలాక్సీ గుమాస్తా:

పెద్దాయన గారూ, మీ పెంచలయ్యల్లాగే మాకు మాలకొండయ్యలు. లారీ డ్రైవర్ల లిస్టులో పేరు చూసి ఎవరో చెప్పలేం, బండి నంబరే దిక్కు.

యార్డు లెక్క మాట ఓనర్ గారబ్బాయితో అన్నాను. "అది ఎప్పుడైనా చేయొచ్చు, ముందు స్కానింగ్ వాళ్ళకి పేజీకి ఇంత అని మాట్లాడాను" అన్నాడు. కొన్ని రిజిస్టర్లకి చెదలు పట్టింది నిజమే, ఆయన భయం అది.

మార్కర్ సంగతి వేరే తిరుగుడు తిరిగింది. అచ్చేసిన బుక్కంటే సరే అన్నాడు. ఫోన్ మాట ఎత్తగానే "లొకేషన్ చూడటానికే కదా, టీకి పోయినా తెలుస్తుంది కదా" అన్నాడు. నేను కాదనలేకపోయాను, డెమోలో ఎవరి ఫోన్ ఎక్కడుందో తెలిపే మ్యాప్ చూపించినప్పుడు ఓనర్ గారు ముందుకు వంగి చూడటం నేనూ చూశాను. ఇలాంటివి మీటింగుల్లో ఎవరూ పైకి అనరు. పైకి "అర్థం కావట్లేదు సార్" అంటారు, అంతే.

ఇంకో అనుమానం. సంతకం ఉన్న షీట్లు స్కాన్ చేశాక అసలువి పారేయొచ్చా? ఎన్నేళ్ళు దాచాలి?

ఆడిట్ టేబుల్ (ఒంగోలు):

ఈ ప్రశ్న నా టేబుల్ మీదకి తరచూ వస్తుంది. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీల చట్టం సెక్షన్ 128 ప్రకారం పుస్తకాలు, వోచర్లు గడిచిన ఎనిమిది ఆర్థిక సంవత్సరాలవి ఉండాలి. జీఎస్టీ కింద ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. కేసు నడుస్తుంటే అది తేలేదాకా ఇంకా ఎక్కువే. లీజు పత్రాలు, సర్వే ప్లాన్లు, సీనరేజి (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) రసీదులు ఈ ఏళ్ళ లెక్కలోకి తేకండి. లీజు ఉన్నన్నాళ్ళూ ఉండాల్సిందే, ఆ తర్వాత కూడా ఉండటం మంచిది.

బయ్యర్ సంతకం పెట్టిన షీటు మాత్రం పారేయొద్దు. స్కాన్ చేయండి, అసలుది ఫైల్లో పెట్టండి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దాని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ నమూనాలో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారితే మారిపోయే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి, నిపుణుడి భాగం వేరే ఉంది. మీ సూపర్‌వైజర్ ఫోన్లో ఉన్న ఫోటోని రేపు ఎవరైనా "ఇది మార్చారు" అంటే ఇదంతా చేయాల్సి వస్తుంది. అసలు కాగితం చేతిలో ఉంటే ఆ తలనొప్పి ఉండదు.

మీ సాఫ్ట్‌వేర్‌ వాళ్ళని ఒక సంగతి అడగండి. నెట్ కొలత ఒకసారి ఎక్కించాక ఎవరైనా దిద్దితే పాత అంకె కనపడుతుందా, ఎవరు ఎప్పుడు దిద్దారో తెలుస్తుందా? కంపెనీలకి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆడిట్ ట్రైల్ (దిద్దుబాట్ల జాడ) 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ట్యాలీలో ఎడిట్ లాగ్ అనేది అదే. భాగస్వామ్య సంస్థలకి ఆ రూలు లేదు, అయినా మీ యార్డు సాఫ్ట్‌వేర్‌లో ఉండేటట్టు చూసుకోండి. రిజిస్టర్‌లో కొట్టివేసి పైన రాసి పొట్టి సంతకం పెట్టేవాళ్ళం కదా, కొట్టేసింది కనపడేది. ఎక్సెల్‌లో గడి మీద ఇంకో అంకె కొడితే పాతది మాయం. చాలామంది చిన్న ఆఫీసుల వాళ్ళు రిజిస్టర్ నుంచి ఎక్సెల్‌కి మారి "కంప్యూటరైజ్ చేశాం" అంటారు. నన్నడిగితే ఆ ఒక్క విషయంలో వెనక్కి పోయారు.

కందుకూరు కోడర్:

లేట్‌గా వస్తున్నా. పైన అందరూ చెప్పింది బాగుంది, నేను కంప్యూటర్ వైపు నుంచి రెండు మాటలు.

మీ "చుక్క పల్చన, తెల్ల గీత" సంగతి వదలొద్దు. గ్రేడ్ గడి ఉండనివ్వండి, దాని పక్కనే మార్కర్ మాట యథాతథంగా తెలుగులో రాసే గడి అడగండి. కొన్నాళ్ళు పోయాక ఆ మాటలన్నీ చదివితే ఏ లోపాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో మీకే తెలుస్తుంది, అప్పుడు గ్రేడులు మీరే సరిగ్గా పెట్టుకోవచ్చు. మార్కర్ చేతిరాతని సాఫ్ట్‌వేరే చదివేస్తుందని ఎవరైనా చెప్తే, మీ పాకెట్ బుక్కు పేజీ ఒకటి ఇచ్చి అక్కడికక్కడే చదివించమనండి.

పాత వివరాల మీద కొత్తవి రుద్దకండి. మా కందుకూరు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి పోయింది. మా బంధువుల షాపులో కుర్రాడు అడ్రస్ లిస్టు మొత్తం వెతికి "ప్రకాశం" తీసేసి "నెల్లూరు" అని కొట్టాడు, 2022 కంటే ముందు బిల్లులతో సహా! పాత బిల్లుకి పాత జిల్లానే ఉండాలి. మీ దగ్గర క్వారీ పేరో, బయ్యర్ కంపెనీ పేరో మారితే ఇదే జరుగుతుంది. ఏ తేదీ నుంచి ఏ పేరు అని రాసుకునే వీలుండాలి.

వాట్సాప్ గ్రూపు ఆపేయమని నేను చెప్పను, ఎవరూ ఆపరు కూడా. మన రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరిలో మన మిత్ర అని వాట్సాప్‌లో సర్టిఫికెట్లకి దరఖాస్తులు మొదలుపెట్టింది. కానీ అక్కడ వాట్సాప్ కౌంటర్ లాంటిది మాత్రమే, రికార్డు వెనక సర్వర్లలో ఉంటుంది. మీ దగ్గర కౌంటరూ అదే, బీరువా కూడా అదే. గ్రూపులో ఫోటో పడగానే సాయంత్రంలోగా ఆఫీసు డ్రైవ్‌లోకి, బ్లాక్ నంబర్ పేరుతో చేరాలి. ఆ డ్రైవ్ అకౌంట్ సంస్థ పేరున ఉండాలి, మీ సొంత జీమెయిల్ వాడొద్దు. లేకపోతే రేపు మీరు మానేస్తే ఆ సూపర్‌వైజర్ ఫోన్ కథ మీతో మళ్ళీ మొదలవుతుంది. ఒక కాపీ బయట హార్డ్ డిస్క్‌లో, అది కూడా ఆఫీసులో కాకుండా ఇంకో చోట. 2021 నవంబర్‌లో పెన్నా వరదకి కోవూరు వైపు నీళ్ళొచ్చినప్పుడు కంప్యూటర్లూ రిజిస్టర్లూ ఒకే గదిలో కలిసి మునిగిన ఆఫీసు నాకు తెలుసు.

లొకేషన్ విషయం నేరుగా మాట్లాడండి. ఆ మ్యాప్ ఫీచర్ మార్కర్‌కి ఆఫ్ చేయించి, చేసినట్టు ఆయనకి చూపించండి. దాని వల్ల మీకొచ్చే లాభం కంటే ఆయన కొలతలు నమ్మకంగా రావడం ఎక్కువ విలువ.

గెలాక్సీ గుమాస్తా:

అందరికీ థ్యాంక్స్. నిన్న ఓనర్ గారిని, అబ్బాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మూడు గడులు, తెలుగు రిమార్కు గడి, దిద్దుబాటు కనపడటం, ఈ మూడు లేకుండా అడ్వాన్స్ ఇవ్వబోమని ఒప్పుకున్నారు. మ్యాప్ మీద ఓనర్ గారు మాట ఇవ్వలేదు, "చూద్దాం" అన్నారు. స్కానింగ్ మాత్రం అబ్బాయి పట్టు వదల్లేదు. సరే, సంతకాలున్న షీట్లు, చెదపట్టిన రిజిస్టర్లు ముందు చేయించి మిగతావి తర్వాత అనేదాకా తెచ్చాను. యార్డు లెక్క మార్కరూ నేనూ వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాం, మెషిన్లు ఆగి ఉంటాయి కాబట్టి నడవడానికి వీలు.

కందుకూరు కోడర్:

మంచిది. అగ్రిమెంట్ సంతకం చేసేముందు ఇంకొకటి చూడండి. రేపు వాళ్ళ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటే మీ డేటా మొత్తం, ఫోటోలతో సహా, ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు పట్టిక ఫైల్) వెనక్కి ఇస్తారా? ఎన్ని రోజుల్లో, విడిగా డబ్బులు తీసుకుంటారా? నోటితో చెప్తే సరిపోదు, కాగితం మీద ఉండాలి. ఆ పేజీలో వాళ్ళ వివరాలు కొట్టేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.